గొంతులో దొరికిన క్రిమి

కోవిల్పట్టి,
14–6–2003

అన్నయ్యకు నాగమ్మాళ్ దండాలు.

"ఇక్కడ అందరం క్షేమం, అక్కడ మీ క్షేమం తెలుపవలెను" అని మొదలుపెట్టమని తాత నేర్పాడు. క్షేమం లేనప్పుడు ఎట్లా మొదలుపెట్టాలో చెప్పకుండానే పోయాడు ముసలాయన. అందుకని ఉన్నదే రాస్తున్నాను.

మదురైలో నా గొంతులోకి గొట్టం దించి ముక్క గిల్లి నెలయింది. మొన్న నువ్వు మీ డాక్టరుకు చూపించిన ఆ కాయితాలు పట్టుకొని విరుదునగర్ నుంచి వచ్చావు. అన్నవాహికలో క్యాన్సరు అన్నావు, భయపడకు అన్నావు. ఆ రెండు మాటలూ ఒక్క ఊపిరిలో అనగలిగినవాడివి నువ్వే. తర్వాత నా మొగుడు నిన్ను బస్సెక్కించడానికి నీతో పోయాడు. పోయేటప్పుడు మామూలుగానే ఉన్నాడు. ఈ ఏడు మిరప నారు ఎండిపోయిందని గొణుక్కుంటూ పోయాడు. తిరిగి వచ్చిన మనిషి వేరు. చెప్పులు విడవకుండా నా ముందు నిలబడి, నన్ను పైనుంచి కిందిదాకా చూసి, లోపలికి పోయాడు. ఆ పూటనుంచి నా కంచం వేరు, నా చెంబు వేరు. దేవిప్రియను నా గదిలోకి పోవద్దన్నాడట. కన్నకూతురు, ఇరవై ఏళ్ళ పిల్ల, గడప దగ్గర నిలబడి నన్ను చూసి పోతోంది.

బస్‌స్టాండులో ఆయనకు ఏం చెప్పావు? ఇరవై మూడేళ్ళ కాపురంలో నన్ను కొట్టాడు, తిట్టాడు, కానీ కంచం వేరు చేయలేదు.

నా గొంతు బొంగురుపోయింది. తడిసిన అగ్గిపుల్ల గీసినట్టు ఉంటుంది మాట. గంజి తప్ప దిగడం లేదు. వక్కాకు, పొగాకు మానేశాను. పొగలు కక్కే కాఫీ మానేశాను. మీ డాక్టరు అవే కారణమయి ఉండవచ్చు అన్నాడని నువ్వే చెప్పావు కదా.

ఈ ఉత్తరం ఎవరైనా చదువుతారని జంకవద్దు. కోవిల్పట్టిలో తెలుగు మాట్లాడే ఇళ్ళు వీధికి పది ఉన్నాయి, చదివే కళ్ళు నావి తప్ప లేవు. నిన్ను బడికి పంపి తమిళం కూడా నేర్పించారు. ఆడపిల్లకు ఇంటి అక్షరం చాలని తాత నాకు ఇసుకలో ఇదొక్కటే దిద్దించాడు. పక్కింటి ఇసక్కియమ్మాళ్ అగ్గిపెట్టెల కంపెనీకి పోతూ దీన్ని తపాలాలో వేస్తుంది. విలాసం తమిళంలో రాసిపెట్టింది కూడా ఆమే.

వదినను, మేనల్లుడు గోకులకృష్ణన్‌ను అడిగానని చెప్పు.

నీ చెల్లెలు
నాగమ్మాళ్

*

విరుదునగర్,
20–6–2003

సౌభాగ్యవతి నాగమ్మకు అన్న సీనివాసన్ ఆశీర్వదించి రాసేది.

నీ ఉత్తరం అందింది. నాకు షుగరు మళ్ళీ ఎక్కింది. మోకాలు మడవలేకపోతున్నాను. అయినా క్లినిక్‌కు ఒక్కరోజు మానలేదు. ముప్పై ఏళ్ళుగా కాంపౌండరును, నేను చదివిన కాయితం డాక్టరు చదివినట్టే.

నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నాను. మదురై వాళ్ళు నీ ముక్కను క్యాన్సరుకు మాత్రమే చూడలేదు. వాళ్ళ కాలేజీలో ఏదో ఆరా తీస్తున్నారట, గొంతు క్యాన్సరు వచ్చిన వాళ్ళందరి ముక్కల్లో ఒక క్రిమిని వెతుకుతున్నారు. దాని పేరు పాపిలోమా. నీ ముక్కలో అది దొరికింది. ఆడవాళ్ళ గర్భసంచి ముఖానికి క్యాన్సరు తెచ్చేది ఈ క్రిమే. అది గాలిలో రాదు, నీళ్ళలో రాదు. ఆడా మగా కలయికలో వస్తుంది.

బావ అడిగాడు, ఇది ఎట్లా వస్తుందని. అడిగినదానికి చెప్పాను. ఉన్నది దాచే అలవాటు నాకు లేదు.

నాగమ్మా, నేను నీ తోడబుట్టినవాణ్ణి. నాతో చెబితే గోడతో చెప్పినట్టే. ఎవరు? పెళ్ళయిన కొత్తలో వేరుశనగల కడలై మిఠాయి పాకం పట్టే సుడలై మీ తిన్నె మీద కూర్చుని కబుర్లు చెప్పేవాడు. నేను రెండుసార్లు చూశాను. అప్పుడే నాకు మనసులో ఒక మాదిరిగా ఉండింది, అనలేదు. వయసులో కాలు జారడం లోకంలో లేనిది కాదు. నిజం ఒప్పుకుంటే మనసు తేలికవుతుంది, మందు కూడా పనిచేస్తుంది.

సంక్రాంతి దాటాక, తై నెలలో గోకులకృష్ణన్‌కూ దేవిప్రియకూ పెళ్ళి అనుకున్నాం. మేనరికం కాబట్టి మీ వదిన ఇంకా మాట మార్చలేదు. అది చెడకుండా చూసుకోవడం నీ చేతిలో ఉంది.

ఇట్లు,
అన్న సీనివాసన్

*

కోవిల్పట్టి,
2–7–2003

అన్నయ్యకు.

ఈసారి దండాలు లేవు.

సుడలైకి నేను పోసింది మజ్జిగ. ఆయన నన్ను పిలిచింది అక్కా అని. ఆయన పోయి పదేళ్ళయింది, ఆయన పెళ్ళాం ఇప్పటికీ పండుగకు మిఠాయి పంపుతుంది. చచ్చినవాడి మీద బురద చల్లడం సులువు, లేచి వచ్చి అడగడు.

కలయికలో వస్తుంది అన్నావు. సరే. కలయికకు ఇద్దరు కావాలి కదా, ఆ రెండోవాడి మాట మీ బావకు చెప్పావా?

గుర్తు చేయనా? నా పెళ్ళికి ఆరు నెలల ముందు వీరసామి అనే మిరపచేను ఆసామి మీ క్లినిక్‌కు వచ్చాడు. చెప్పుకోలేని చోట కురుపులు, కోడి జుట్టులా. చూసింది డాక్టరు. మందు పూసింది నువ్వు. ఆ ఆరు నెలల్లోనే అతన్ని మన ఇంటికి తీసుకొచ్చి, ముప్పై ఎకరాల రేగడి ఉంది, బంగారం లాంటి సంబంధం అని నాన్నకు చెప్పిందీ నువ్వే. నాకెట్లా తెలుసని చూస్తున్నావా? పెళ్ళయిన మూడో ఏట తాగి వచ్చి ఆయనే చెప్పి నవ్వాడు. "నీ అన్న సెయ్యి రొంబ మెత్తన, ఏడు తడవలు పూసినాడు, నొప్పే తెలీలే" అన్నాడు. నేను ఆ వేళ ఏడ్చాను. ఆ తర్వాత నిన్నూ అడగలేదు, ఆయన్నూ అడగలేదు. మన ఇళ్ళలో ఆడది అడగదు. ఇరవై ఏళ్ళు నోరు మూసుకున్నాను, ఇప్పుడు క్యాన్సరు వచ్చి మూసేసింది. పది రోజులయింది, మాట పోయి. నోరు తెరిస్తే గాలి వస్తోంది.

ఆయన నన్ను నమ్మాలని నేను కోరడం లేదు. ఆయనకు తెలుసు. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఆయనకు తెలియదా? తెలిసే నా కంచం వేరు చేశాడు, తన కంచం శుభ్రంగా ఉంటుందని.

కానీ దేవిప్రియకు చెప్పాడు. అమ్మకు ఈ జబ్బు పరాయి మగవాడి దగ్గర వచ్చింది, మీ మామే కాయితం చదివి చెప్పాడు అని. నువ్వు చెప్పావంటే అది నమ్మింది, మామ డాక్టరు లాంటివాడు కదా. ఇప్పుడు గడప దగ్గరికి కూడా రావడం లేదు. కాలేజీ నుంచి వచ్చి నేరుగా వాళ్ళ మేనత్త ఇంటికి పోతోంది. దానికి నేను ఏం చెప్పను? నోట మాట లేదు. రాసిస్తే ఈ అక్షరాలు దానికి రావు. మొగుడి కురుపుల సంగతి కూతురికి సైగలతో ఎట్లా చెప్పేది, నువ్వే నేర్పించు.

నువ్వు ఒక్క ముక్క రాయి దానికి. మీ అమ్మ తప్పు లేదు, మీ నాన్నకు మందు పూసింది నేనే అని. తల్లి చెడిందనుకునే పిల్లను వెనక వదిలిపెట్టి నేను చావలేను. నాకు కావలసింది ఇదొక్కటే.

నాగమ్మాళ్

*

విరుదునగర్,
25–7–2003

నాగమ్మకు అన్న ఆశీర్వాదం.

నీ ఉత్తరం చదివి చింపి పొయ్యిలో వేశాను. ఇటువంటివి కాయితం మీద పెట్టవద్దు.

అవును, పూశాను. ఏడుసార్లు కాదు, ఐదుసార్లు. రోగి రహస్యం బయటపెట్టకూడదని కాంపౌండరుకు ఒక ధర్మం ఉంటుంది, అది నీకు అర్థం కాదు. పైగా కురుపులు పూర్తిగా మాడిపోయాయి. మంచి సంబంధం, చెయ్యి జారనిస్తే మళ్ళీ దొరికేదా? నాన్న గుండె జబ్బు చూశావా అప్పుడు?

నీ కోసం డాక్టరును మళ్ళీ అడిగాను. ఆయన చెప్పింది దాచకుండా రాస్తున్నాను. ఆ క్రిమి ఒకటి కాదు, వందకు పైగా రకాల కుటుంబం. కురుపులు తెచ్చే రకం వేరు, క్యాన్సరు తెచ్చే రకం వేరు. కానీ ఒకటి ఉన్న ఒంట్లో ఇంకొకటి ఉండడం మామూలే. ఇరవై ఏళ్ళు కూడా చప్పుడు లేకుండా ఉంటుందట. గొంతు విషయానికి వస్తే, కొన్ని దేశాల్లో చాలామంది ముక్కల్లో దొరికింది, కొన్ని చోట్ల అసలు లేదు. అది జబ్బు తెచ్చిందో, ఊరికే అక్కడ ఉందో ఎవరూ తేల్చలేదు. "దొంగతనం జరిగిన ఇంటి అరుగు మీద ఒకడు కనిపించాడు, వాడే దొంగ అని చెప్పలేం కదయ్యా" అన్నాడు. పొగాకు మీదే తనకు ఎక్కువ అనుమానమట. ఆ కాయితాన్ని పట్టుకొని ఎవరి నడతనూ తూచకూడదని కూడా అన్నాడు.

ఈ మాటలు ఆయన మొదటే అన్నాడు. నేను బావకు అంతా చెప్పేలోపలే బస్సు కదిలింది. అది నా తప్పా?

ఇక దేవిప్రియకు రాయమన్నావు. కాబోయే మామగారు కాబోయే కోడలికి ఆమె తండ్రి కురుపుల గురించి రాయడమా? బావకు తెలిస్తే ఈ పెళ్ళి ఉంటుందా? నా సర్వీసు చివర్లో నా పేరేం కావాలి? తై నెలలో పెళ్ళి కానీ. ఆ తర్వాత నిదానంగా, సమయం చూసి, నేనే చెబుతాను. నువ్వు మాత్రం ఓపిక పట్టు, ఓపికకు మించిన మందు లేదు.

శ్రీవిల్లిపుత్తూరు పోయి ఆండాళ్‌కు నీ పేర అర్చన చేయించాను. అక్కడి పాల్కోవా అర కిలో బస్సు కండక్టరు చేత పంపుతున్నాను.

అన్న సీనివాసన్

*

కోవిల్పట్టి,
18–9–2003

అన్నయ్యకు,

నీ పాల్కోవా ఇసక్కియమ్మాళ్ పిల్లలు తిన్నారు. ఉమ్మి కూడా దిగనిదానికి పాల్కోవా పంపే అన్న ఇంకొకడు పుట్టలేదు.

పోయిన నెల పొట్టకు చిల్లు చేసి గొట్టం పెట్టారు. గంజి వడకట్టి గరాటాతో పోస్తే నేరుగా కడుపులోకి పోతుంది. రుచి లేదు, వేడి తెలుస్తుంది. పోసేది ఇసక్కియమ్మాళ్. కంపెనీకి పోయేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి. నా మకాం ఇప్పుడు పెరట్లో పత్తి కట్టె పేర్చే కొట్టంలో. ఇంట్లో వాసన వస్తోందట. నిజమే, వస్తోంది. కట్టెల సందున ఎలుకలు తిరుగుతాయి, వాటికి మాత్రం ఏ అనుమానమూ లేదు.

తై నెల తై నెల అంటావు. గొట్టం పెట్టిన డాక్టరు ఇసక్కియమ్మాళ్‌తో దీపావళి దాకా అన్నాడు. నాకు మాటే పోయింది, చెవులు బాగానే ఉన్నాయి.

దేవిప్రియ మొన్న పెరట్లో బట్టలు ఆరేస్తూ నావైపు తిరిగింది. నేను చెయ్యి చాచాను. అది తన లంగా కొస దగ్గరికి లాక్కుంది, తగులుతానేమో అని. కన్న పిల్ల అట్లా లాక్కుంటే ఎట్లా ఉంటుందో మగవాడివి, నీకు రాయడం దండగ.

నువ్వు రాయనన్నావు. సరే, నువ్వు రాయవద్దు. నేను రాస్తున్నాను. ఈ కింద ఉన్నది దానికి. నువ్వు చేయవలసింది తమిళంలో పెట్టి దాని పేరుతో పంపడం, అంతే. ఒక్క మాట చేర్చవద్దు, ఒక్క మాట తీయవద్దు. నా నోరు నీ చేతిలో ఉంది అన్నయ్యా. బతిమాలుతున్నాను, నీ కాళ్ళు పట్టుకుంటున్నాను అనుకో.

"దేవిప్రియా, నేను మీ నాన్నను తప్ప ఇంకొక మగవాణ్ణి ఎరుగను. పెళ్ళికి ముందు మీ నాన్నకు కురుపులు ఉండేవి, మందు పూసింది మీ మామ. ఆ క్రిమి నా గొంతుకు ఈ జబ్బు తెచ్చిందో లేదో డాక్టర్లకే తెలియదు. అది నాలో ఉంటే ఈ ఇంట్లోనే నాకు అంటింది. మీ నాన్నతో పోట్లాడవద్దు. నన్ను నమ్మితే చాలు. ఒకసారి వచ్చి నా పక్కన కూర్చో. అమ్మ."

నాగమ్మాళ్

*

విరుదునగర్,
3–10–2003

నాగమ్మకు అన్న రాసేది.

మనసు రాయి చేసుకొని ఒక సంగతి రాస్తున్నాను. గోకులకృష్ణన్‌కు తిరుత్తంగల్‌లో వేరే సంబంధం కుదిరింది. పిల్ల తండ్రికి అచ్చాఫీసు ఉంది. నేను ఎంత చెప్పినా మీ వదిన వినలేదు. అటువంటి క్రిమి ఉన్న కడుపున పుట్టిన పిల్ల, రేపు మన ఇంట్లో పిల్లల్ని కనాలి అంటుంది. అట్లా రాదు అని నేను శాస్త్రం చెప్పాను. శాస్త్రం మీ దగ్గరే పెట్టుకోండి అంది. బావకు కబురు చేశాను, తలవంచుకున్నాడట. ఎంత పెద్దమనిషి.

నీ ఉత్తరం సంగతి. తమిళంలో పెట్టి దేవిప్రియకు పంపాను. నిన్ను మరవలేదు చూడు. నువ్వు రాసింది రాసినట్టు పెడితే కూతురి ముందు తండ్రి తల తెగుతుంది, నా తలా తెగుతుంది. అందుచేత పదును కొంచెం తగ్గించాను. పిల్ల మనసు కరగాలి, నీ దగ్గరికి రావాలి, అదే కదా నీకు కావలసింది? కరిగేటట్టే రాశాను. రాస్తూ నాకే కళ్ళు నీళ్ళు తిరిగాయి.

దేవిప్రియ వచ్చాక అన్నను తలుచుకో.

సీనివాసన్

*

కోవిల్పట్టి,
17–10–2003

అన్నయ్యా,

దేవిప్రియ వచ్చింది.

పోయిన గురువారం పొద్దున, నీ ఉత్తరం నాలుగు మడతలు పెట్టి పిడికిట్లో పట్టుకొని కొట్టంలోకి వచ్చింది. నా కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చింది. తన పెళ్ళి నా వల్లే తప్పిపోయిందని దానికి చెప్పారు, అయినా వచ్చింది. నా తలకు నూనె పెట్టి చిక్కు తీసింది. నన్ను పట్టుకొని నడిపించి మళ్ళీ ఇంట్లోకి తెచ్చింది. వాళ్ళ నాన్న వాకిట్లోనే ఉన్నాడు, అడ్డం చెప్పలేదు. ఆయన కూడా ఆ ఉత్తరం చదివాడట. నిజం చదివి సిగ్గుపడ్డాడు కాబోలు అనుకున్నాను. ఆ వేళ నీ మీద నాకున్న కోపమంతా పోయింది. నీకు నూరేళ్ళు ఆయుష్షు ఇవ్వమని మొక్కుకున్నాను, నిజంగానే మొక్కుకున్నాను.

ఐదు రోజులు, అన్నయ్యా. గంజి తనే వడకట్టి, మణికట్టు మీద ఒక చుక్క వేసుకొని వేడి చూసి, గరాటాలో పోసింది. రాత్రి నా మంచం పక్కనే చాప వేసుకుంది. అంతటి సుఖం నా పెళ్ళిలో కూడా ఎరుగను.

ఆరో రోజు, గంజి పట్టుకొని కూర్చున్నప్పుడు, ఆ కాయితం చూపించి చదవమని సైగ చేశాను. నా మాటలు తమిళంలో ఎట్లా ఉన్నాయో వినాలనిపించింది. అది వద్దంది, ఎందుకమ్మా మళ్ళీ అంది. నేను పట్టుబట్టాను. చదివింది.

నేను తప్పు చేశానట. వయసులో తెలియక చేశానట. దానికి దేవుడు గొంతులో శిక్ష వేశాడట. మీ నాన్న నా పాలిట దేవుడు, నన్ను ఇంట్లోనుంచి తరమకుండా ఉంచాడు అని రాశానట. మన్నించి ఒక గరిటె గంజి పోస్తే నా ఆత్మ శాంతిస్తుందట. కింద అమ్మ అని సంతకం. బాగా రాశావు. నాకు అక్షరం రాని తమిళం నా నోట్లో పెట్టావు.

అది కాయితం మడిచి నా చెంప తుడిచింది.

"నేను నిన్ను మన్నించేస్తినమ్మా" అంది. "ఇంగ దాన్ని గురించి యోచన సేయొద్దు. ఎవురో ఏమో, నాకు ఆ పేరు కూడా వొద్దు."

నేను తల అడ్డంగా ఊపాను. సిగ్గుపడవద్దంది. మళ్ళీ ఊపాను. మంచం పట్టె గుద్దాను, గొంతు చూపించాను, వాళ్ళ నాన్న గది వైపు వేలు చూపించాను. ఆయన్ను పిలవాలా అంది. కాదు కాదని ఊపాను. అప్పుడు దాని చెయ్యి గరాటా మీద ఆగిపోయింది. మొహం మారడం నా కళ్ళతో చూశాను. లంగా కొస లాక్కున్న రోజు ఎట్లా ఉండిందో అట్లా అయింది.

"ఒప్పుకోనంటావా మళ్ళా?" అంది. "నువ్వు ఒప్పుకుంటివనే కదా నేను వస్తిని."

గిన్నె కింద పెట్టింది. లేవడానికి మోకాలి మీద చెయ్యి ఆనించింది.

నేను తల ఊపాను, అన్నయ్యా. అడ్డంగా కాదు, నిలువుగా. అవును, చేశాను అని. రెండుసార్లు ఊపాను, దానికి సందేహం లేకుండా. అది మళ్ళీ కూర్చుంది. గంజి చల్లారిందేమోనని చూసి, పోసింది. పోస్తూ నా నుదురు నిమిరింది.

ఇప్పుడు రోజూ పోస్తోంది. రోజూ నన్ను మన్నిస్తోంది. నా పిల్ల మంచిది, ఎవరి పోలికో తెలియదు.

ఈ ఉత్తరం ఇసక్కియమ్మాళ్ రేపు వేస్తుంది. నువ్వు జవాబు రాయనక్కరలేదు, ఉంటానో లేదో. నేను పోయాక పుట్టింటి చీర తెచ్చి ఒంటి మీద కప్పవలసింది నువ్వే. ఆచారం కాబట్టి తేవాలి, తెచ్చి కప్పు. అమ్మను తన దగ్గరికి చేర్చిన మామవని దేవిప్రియ నలుగురిలో నీ కాళ్ళకు దండం పెడుతుంది. కాళ్ళు వెనక్కి తీసుకోకు. దాని తల మీద చెయ్యి పెట్టి ఆశీర్వదించు.

నాగమ్మాళ్